గింజతోనే మొదలుపెట్టండి

కొత్త పని నేర్చుకోవాలనిపించగానే చాలామంది ముందు సామాను చూస్తారు. ఇంట్లో బీరు చేసుకోవాలన్న సరదా పుట్టినవాళ్లూ అంతే. మూడు పెద్ద స్టీలు పాత్రలు, వాటి మధ్య ఒక పంపు, చల్లార్చడానికి రాగిగొట్టపు చుట్ట, పెరట్లో పెట్టుకునే గ్యాసు బర్నరు, అన్నిటి ధరలూ కూడి చూసుకుని ‘వచ్చే ఏడాది చూద్దాంలే’ అనుకుంటారు. ఇంకొందరు చిక్కటి మాల్ట్ పాకం డబ్బా కొని, నీళ్లలో కలిపి, ఈస్ట్ చల్లి, వచ్చినది తాగి, ‘ఇంతేనా’ అని పక్కన పెట్టేస్తారు. మొదటివాళ్లు పని దాకా రానే లేదు. రెండోవాళ్లు పనిలో అసలు రుచి ఉన్న చోటు దాటేసి వెళ్లిపోయారు.

ఆ చోటు గింజ దగ్గర ఉంది. నమిలితే పిండిపిండిగా తగిలే గింజ, కొలిచిన వేడిలో ఒక్క గంట నానితే తేనెరంగు తీపి రసం ఇస్తుంది. ఆ గంటలో ఏం జరుగుతోందో మీ కళ్లతో మీరు చూశాక ఈ పని మిమ్మల్ని వదలదు. దానికి కావలసింది పెద్ద గిన్నె, గుడ్డ సంచి, థర్మామీటర్. మిగతావన్నీ తర్వాత వచ్చినా ఫర్వాలేదు, రాకపోయినా ఫర్వాలేదు.

ముందు చట్టం

పని మొదలుపెట్టే ముందు ఎక్కడ నిలబడి ఉన్నామో తెలుసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం, 1995 నాటి మద్యనిషేధ చట్టం రెండూ ఉన్నాయి. ‘అమ్మడానికి కాదండీ, ఇంట్లోకే’ అంటే చెల్లదు. తెలంగాణలోనూ అంతే. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలు నడుస్తున్నాయంటే అవి లైసెన్సు తీసుకుని నడుస్తున్నవి.

ఆ నిషేధ చట్టం వెనక ఆడవాళ్ల కన్నీళ్లున్నాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ మంట రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చాయి. సంపూర్ణ నిషేధం 1997లో ఎత్తేశారు. సారా మీద నిషేధాన్ని మాత్రం అలాగే ఉంచారు. మద్యం చేసిన గాయం తెలియని వీధి మన తీరంలో లేదు. అందుకే గట్టిగా చెబుతున్నాను: మీ ఇంట్లో తాగుడు మానడానికి పోరాడుతున్న మనిషి ఉంటే, లేదా ఒక గ్లాసుతో ఆగడం మీకే కష్టమైతే, ఈ అధ్యాయంలో తీపి రసం వరకే చేయండి. నేర్చుకోవాల్సిన విద్యలో ముప్పావు వంతు అక్కడే ఉంది, ఏమీ పోగొట్టుకోరు.

విశాఖలో ఉన్నవాళ్లందరికీ హద్దు కూడా అదే. జాలరిపేటలో, గాజువాకలో, ఉక్కునగరంలో కూర్చుని చదువుతున్నవాళ్లు తీపి రసం దగ్గర, అంబలి దగ్గర ఆగాలి. ఈస్ట్ కలిపే భాగం ఇక్కడి నుంచి వెళ్లి, చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉంటున్న మన పిల్లల కోసం రాస్తున్నాను. వాళ్లలో ఈ సంగతి అడిగేవాళ్లు ఎక్కువే. బ్రిటన్ 1963లోనే ఇంటి బీరుకు లైసెన్సు అవసరం లేకుండా చేసింది. అమెరికాలో 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం పెద్దవాళ్లు ఒకరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా చేసుకోవచ్చు. రాష్ట్రాల ఇష్టం రాష్ట్రాలది కాబట్టి మిసిసిపీ, అలబామా 2013 దాకా ఒప్పుకోలేదు. ఆస్ట్రేలియాలోనూ సొంత వాడకానికి చేసుకోవచ్చు. అయితే బీరు చేసుకోనిచ్చే ఈ దేశాల్లో కూడా దాన్ని బట్టీ పెట్టి సారా తీయడం నేరం, ప్రమాదం కూడా. ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. కువైట్‌కో సౌదీకో వెళ్లిన తమ్ముళ్లు ఇందులో ఏదీ తలపెట్టవద్దు. అక్కడ మద్యం నిషేధం, దొరికితే జైలు, ఆ తర్వాత ఇంటికి విమానం.

గింజలో ఏముంది

గింజ మొలకెత్తాక వేరు నేలలోకి దిగి, ఆకు వెలుగులోకి వచ్చేదాకా ఆ మొక్కకు తిండి కావాలి. తల్లిమొక్క ఆ తిండిని పిండి రూపంలో గింజలో దాచిపెడుతుంది. పిండిని మొక్క నేరుగా తినలేదు. నీళ్లు తగిలి మొలక కదలగానే గింజలో ఎంజైమ్‌లు తయారై, ఆ పిండిని చక్కెరగా కోయడం మొదలుపెడతాయి. సరిగ్గా ఆ సమయంలో మనం గింజను ఎండబెట్టి ఆపేస్తాం. పిండి దాదాపు అంతా అలాగే ఉంటుంది, ఎంజైమ్‌లు నిద్రపోతాయి. ఇలా మొలకెత్తించి ఎండబెట్టిన గింజే మాల్ట్. మళ్లీ వేడినీళ్లు తగిలితే ఆగిపోయిన పని మొదలవుతుంది. ఈసారి ఆ చక్కెర మనకు.

బీరుకు ప్రపంచమంతా వాడేది బార్లీ. అది మన తీరపు పంట కాదు, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ వైపు రబీలో పండుతుంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర బంటుపల్లిలో ఉన్న పెద్ద బీరు ఫ్యాక్టరీలోనూ మాల్ట్‌కు జరిగేది ఇదే, కాకపోతే టన్నుల్లో. మన ఉత్తరాంధ్రకు ఉన్నది చోళ్లు, అంటే రాగులు. మొలకెత్తిన చిరుధాన్యాల్లో ఎంజైమ్‌ల బలం బాగా ఉన్న గింజల్లో చోడి ఒకటి. పక్కనే ఒడిశా కోరాపుట్ కొండల్లో గిరిజనులు చోళ్లతో, బియ్యంతో లందా పులియబెట్టుకుంటారు. కాబట్టి ఇది మనకు పరాయి విద్య ఏమీ కాదు. పెద జాలరిపేటలో వంటగదిలోనే, ఏ చట్టానికీ ఎదురుపడకుండా, దీని మొదటి పాఠం నేర్చుకోవచ్చు. విదేశంలో ఉన్నవాళ్లు కూడా బార్లీ కొనేముందు ఈ ప్రయోగం ఒకసారి చేయండి. ఖర్చు చారెడు పిండి.

అరకిలో చోళ్లు రాళ్లు లేకుండా ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టండి. పొద్దున నీళ్లు వంచేసి, తడిగుడ్డలో మూటకట్టి, నీడలో పెట్టండి. పూటకొకసారి విప్పి, నీళ్లు చిలకరించి, చేత్తో అటూ ఇటూ కదపాలి. కదపకపోతే మూట మధ్యలో బూజు పడుతుంది. మూటలోకి చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, గింజ ఊపిరి తీస్తోందన్నమాట. విశాఖ వేడికి ఒకటిన్నర, రెండు రోజుల్లో తెల్లటి వేళ్లు గింజంత పొడుగు సాగుతాయి. నల్లమచ్చలు కనిపించినా, ముక్కవాసన కొట్టినా మొత్తం పారేయండి. జాలి పడొద్దు.

తర్వాత ఎండబెట్టడం. మా పేటలో ఇదే కష్టమైన భాగం. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, ఒక్క ఎండకు ఆరదు. డాబా మీద పలచగా పరిచి, రెండు మూడు ఎండలు కాయనిచ్చి, సాయంత్రం కాగానే లోపలికి తెచ్చుకోవాలి. పక్కన ఎండుచేపలు ఆరేసి ఉంటే ఆ వైపు వద్దు, పిండి వాసన పట్టేస్తుంది. గింజ పటపటలాడాక చేతుల మధ్య నలిపితే వేళ్లు రాలిపోతాయి, చెరిగి మర పట్టించండి. జావ కోసం చేసేవాళ్లు ఇక్కడ కమ్మటి వాసన రావాలని మూకుట్లో దోరగా వేయిస్తారు. మీరు వేయించకండి. ఆ వేడికి ఎంజైమ్‌లు చచ్చిపోతాయి. వాసన మిగులుతుంది గాని పని జరగదు.

ఇప్పుడు మామూలు చోడిపిండి, మొలకెత్తనిది, 150 గ్రాములు లీటరు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి ఉడికించండి. గరిటె నిలబడేంత గట్టిగా అవుతుంది. దించి, కలుపుతూ చల్లార్చి, థర్మామీటర్ 68 డిగ్రీలు చూపించగానే రెండు చెంచాల మొలకపిండి వేసి బాగా కలపండి. మూత పెట్టి గిన్నె చుట్టూ దుప్పటి చుట్టండి. పది నిమిషాలకు మూత తీసి గరిటెతో ఎత్తితే గట్టి ముద్ద కాస్తా పలచటి జావలా ధారకడుతుంది. ఇది నేను చేసి చూపించినప్పుడు మా వీధిలో చేపలమ్మే ఒక పెద్దావిడ గరిటె నా చేతిలోంచి లాక్కుని, రెండుసార్లు ఎత్తి పోసి, ‘ఓలమ్మో, ఒక్క చుక్క నీరు పొయ్యనేదు, ఇదెలా కరిగిపోనాది!’ అంది. గంట తర్వాత నాలిక మీద వేసుకుంటే తీపి. పంచదార ఒక పలుకు వేయలేదు, గింజ తన తీపి తానే విప్పింది. ఈ కిటుకుతోనే పసిపిల్లల జావను గింజ తగ్గించకుండా పలచన చేయవచ్చని మన దేశపు పోషకాహార శాస్త్రవేత్తలు 1980ల్లో ప్రచారం చేశారు.

చోడిని ముందు ఎందుకు ఉడికించామంటే, దాని పిండి రేణువు విచ్చుకోవడానికి ఎక్కువ వేడి కావాలి. ఆ వేడికి ఎంజైమ్‌లు బతకవు. అందుకని ముందు పిండిని విప్పి, చల్లార్చి, తర్వాత ఎంజైమ్‌లు ఇచ్చాం. బార్లీ పిండి ఎంజైమ్‌లు హాయిగా పనిచేసే వేడిలోనే విచ్చుకుంటుంది. బీరుకు బార్లీ రాణి కావడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి: ఒకే గిన్నెలో, ఒకే వేడిలో పని అయిపోతుంది.

ఈ చోడిరసాన్ని పలచటి గుడ్డలో వడగట్టి, పది నిమిషాలు మరగనిచ్చి, చల్లార్చి తాగొచ్చు. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి వేసుకుంటే అంబలి. ఆ రోజుకు ఆ రోజే ముగించండి. తీపి రసాన్ని ఈ ఊరి ఉక్కలో బయట వదిలేస్తే గాలిలోని ఈస్ట్ మిమ్మల్ని అడక్కుండానే దిగిపోతుంది.

సంచి

గింజ నుంచి రసాన్ని వేరుచేయడానికి పాత పద్ధతిలో అడుగున జల్లెడ ఉన్న పాత్ర ఒకటి, నీళ్లు కాచే పాత్ర ఒకటి, రసం మరగబెట్టే పాత్ర ఒకటి కావాలి. 2000ల మధ్యలో ఆస్ట్రేలియాలో కొందరు ఇంటి బ్రూవర్లు ఆ మూడింటినీ ఒక్క గిన్నెలోకి తెచ్చారు. గిన్నెలో సంచి, సంచిలో గింజ, గింజ చుట్టూ నీళ్లు. గంట అయ్యాక సంచి పైకెత్తితే గింజ బయటికి వస్తుంది, రసం గిన్నెలోనే ఉంటుంది. ఆ గిన్నెనే మరగబెట్టడం. ఖరీదైన పాత్రలున్నవాళ్లు మొదట్లో దీన్ని తక్కువగా చూశారు. ఇప్పుడు ఈ పద్ధతిలో చేసిన బీర్లు పోటీల్లో వాళ్ల బీర్ల పక్కనే నిలబడుతున్నాయి.

సంచి గుడ్డ ఎంచుకోవడం మా పేటవాళ్లకు నేర్పక్కర్లేదు. ఇసుకలో కూర్చుని వల బాగుచేసే మనిషి కన్ను ఎంతుందో వేలితో తడిమే చెప్పేస్తాడు. కన్ను పెద్దదైతే చేప పోతుంది, మరీ చిన్నదైతే నీరు దాటక వల బరువెక్కుతుంది. సంచికీ అదే లెక్క. దోమతెర గుడ్డ పెద్దకన్ను, పిండంతా రసంలోకి జారి అడుగంటుతుంది. ముతక నూలు పంచె తడిసి ఉబ్బి, కళ్లు మూసుకుపోయి, ఎత్తితే గంటసేపు కారుతూనే ఉంటుంది. పలచటి పాలిస్టర్ వాయిల్, కర్టెన్లకు వాడే రకం, సరిగ్గా సరిపోతుంది. గిన్నె అంచుకు తొడిగి బయటికి మడిచేంత వెడల్పు, అడుగు దాకా వదులుగా వెళ్లేంత లోతు ఉండాలి. కుట్లు రెండు వరసలు వేయించండి. తడిగింజ బరువు కుట్టు మీదే పడుతుంది. కొత్తగుడ్డను సబ్బు వాసన లేకుండా వేడినీళ్లలో ఉడికించి ఆరేయండి.

గిన్నె పది లీటర్లకు తగ్గకూడదు. మీకు 20 లీటర్ల బీరు చేయాలని ఉంటుంది, నాకు తెలుసు. వద్దు. మొదటిసారి నాలుగున్నర లీటర్ల రసం చాలు. వంటింటి పొయ్యి మీద మరుగుతుంది, సింకులో చల్లారుతుంది, సంచి ఒక చేత్తో లేస్తుంది. చెడిపోయినా మనసు విరగదు. బాగా వస్తే పది పన్నెండు చిన్న సీసాలు నిండుతాయి. పెద్ద గిన్నెతో మొదలుపెట్టి, బరువుకీ వేడికీ జడిసి, ఒక్కసారితో మానేసినవాళ్లను చూశాను. చిన్న గిన్నెతో మొదలుపెట్టి మానేసినవాళ్లు నాకు తగల్లేదు.

ఆదివారం పొద్దున

కిలో లేతరంగు బార్లీ మాల్ట్, నలిపించి తీసుకోండి. ఇంటి బ్రూవింగ్ సామాను అమ్మే షాపులో అడిగితే వాళ్లే నలిపి ఇస్తారు. పిండి చేయకూడదు, నాలుగైదు ముక్కలుగా విరగాలి. గిన్నెలో ఏడు లీటర్ల నీళ్లు పోసి 69 డిగ్రీలకు వేడిచేయండి. పొయ్యి ఆపండి. సంచి తొడిగి, గింజను కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. ఉండ కట్టిన చోట లోపల పొడిపిండి దాక్కుంటుంది, ఆ పిండి మీకు దక్కదు, కాబట్టి ప్రతి ఉండనూ గరిటెతో చిదమాలి. చల్లటి గింజ కలవగానే వేడి 66 దగ్గరికి దిగుతుంది. మూత పెట్టి దుప్పటి చుట్టి గంట వదిలేయండి.

ఈ 66 మీద కొంచెం ఆగుదాం, ఎందుకంటే రుచి ఇక్కడే నిర్ణయమవుతుంది. గింజలో ముఖ్యంగా రెండు రకాల ఎంజైమ్‌లున్నాయి. ఒకటి పిండి గొలుసును మధ్యలో ఎక్కడపడితే అక్కడ నరుకుతుంది, దానికి 70కి అటూ ఇటూ ఇష్టం. ఇంకొకటి గొలుసు కొస నుంచి చిన్న చిన్న చక్కెరలుగా కత్తిరించుకుంటూ వస్తుంది, దానికి 60 నుంచి 65 ఇష్టం. 64 దగ్గర నిలిపితే ఈస్ట్ తినగలిగే చక్కెర ఎక్కువై బీరు తేలికగా, తీపి లేకుండా వస్తుంది. 68 దగ్గర నిలిపితే ఈస్ట్ తినలేని చక్కెర మిగిలి నోట్లో నిండుగా తగులుతుంది. 75 దాటితే ఇద్దరూ పని మానేస్తారు. కాబట్టి వేలు ముంచి వేడి చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు. థర్మామీటర్‌ను మరిగే నీళ్లలో ఒకసారి పెట్టి నూటికి దగ్గర చూపిస్తుందో లేదో సరిచూసుకోండి. అరగంటకోసారి చూడండి. 63 కన్నా తగ్గితే సన్నటి మంట పెట్టి కలుపుతూ పెంచండి. అప్పుడు సంచి అడుగుకు తగలకుండా పైకి పట్టుకోవాలి, లేకపోతే పాలిస్టర్ కరిగి గిన్నెకు అంటుకుంటుంది.

గంట అయ్యాక తెల్లటి సాసర్లో చెంచాడు రసం వేసి, చల్లారాక మందుల షాపులో దొరికే టించర్ అయోడిన్ ఒక చుక్క వేయండి. నీలినల్లగా మారితే పిండి ఇంకా మిగిలి ఉంది, పావుగంట ఆగండి. అయోడిన్ గోధుమరంగు అలాగే ఉంటే పని అయిపోయింది. సాసర్లోది పారేయండి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన నిమిషం ఇదే. నమ్మకంతో కాదు, కంటితో చూసి ముందుకు వెళ్తున్నాం.

సంచి మెల్లగా ఎత్తి, గిన్నె మీద చిల్లుల పళ్లెం పెట్టి దాని మీద దించండి. చేతులకు దళసరి గ్లవ్స్ వేసుకుని పిండండి. పిండితే చేదు దిగుతుందని పాత పుస్తకాలు భయపెడతాయి. ఈ వేడిలో పిండితే ఏమీ కాదు. గింజ ముప్పావు లీటరు దాకా తాగేస్తుంది, మిగతాది మీది.

ఇక మరగబెట్టడం. మొదటి పది నిమిషాలు గిన్నె దగ్గర నుంచి కదలొద్దు, నురగ ఒక్కసారిగా లేచి పొయ్యి మీద పొంగిపోతుంది. మూత పెట్టకండి. రసంలో ఉడికించిన కూరగాయల వాసనిచ్చే పదార్థం ఆవిరితోనే పోవాలి. మరుగు పట్టగానే 8 గ్రాముల హాప్స్, అంటే బీరులో వేసే ఎండుపూలు, వేస్తే చేదు దిగుతుంది. గంట తర్వాత, దించడానికి ఐదు నిమిషాల ముందు ఇంకో 5 గ్రాములు వేస్తే వాసన నిలుస్తుంది. గంటకు రెండు లీటర్ల వరకు ఆవిరైపోయి నాలుగున్నర లీటర్లు మిగులుతాయి. మూతపెట్టి సింకులో ఐసునీళ్ల మధ్య కూర్చోబెడితే అరగంటలో 20 డిగ్రీలకు దిగుతుంది.

ఇప్పటి వరకు మరుగే మీకు కాపలా. ఇక్కడి నుంచి శుభ్రతే కాపలా. రసానికి తగిలే గరాటు, డబ్బా, మూత, గొట్టం, మీ చెయ్యి అన్నీ ముందు సబ్బుతో కడిగి, తర్వాత బ్రూవింగ్ శానిటైజర్‌లో ముంచాలి. ఇవి రెండు వేర్వేరు పనులు. మురికి ఉన్న చోట శానిటైజర్ పనిచేయదు. బీరు పుల్లబడిందని వాపోయేవాళ్లను అడిగి చూడండి, చాలాసార్లు కారణం గొట్టం లోపలో, కుళాయి మరలోనో దొరుకుతుంది.

చేతులు కట్టుకునే రోజులు

ఏడెనిమిది లీటర్ల డబ్బాలోకి రసం పోసి, మూతపెట్టి రెండు నిమిషాలు బాగా కుదపండి. ఈస్ట్‌కు మొదట్లో గాలి కావాలి. 11 గ్రాముల ఈస్ట్ పొట్లంలో మూడోవంతు చల్లి, లోపలి గ్యాసును బయటికి వదిలి బయటి గాలిని రానివ్వని ఎయిర్‌లాక్ పెట్టి, 18 నుంచి 20 డిగ్రీల్లో ఉండే చీకటి మూలలో ఉంచండి. ఈస్ట్ పనిచేస్తూ తన వేడి తానే పుట్టిస్తుంది కాబట్టి గది కాస్త చల్లగా ఉంటేనే మంచిది. టెక్సాస్, అరిజోనా వేసవిలో ఉన్నవాళ్లు డబ్బాను నీళ్ల తొట్టిలో పెట్టి తడితువ్వాలు కప్పండి. లేదా నార్వే పల్లెల నుంచి వచ్చిన క్వైక్ ఈస్ట్ తెచ్చుకోండి. అది 30 డిగ్రీలు దాటిన వేడిలో కూడా చక్కగా పులియబెడుతుంది. మామూలు ఈస్ట్ ఆ వేడిలో ఘాటైన, తలనొప్పి తెచ్చే వాసనలు వదులుతుంది.

తర్వాత రెండు వారాలు ఏమీ చేయకూడదు. ఉత్సాహవంతులకు ఇదే కష్టం. రోజూ మూత తీసి చూసేవాళ్లు రోజూ గాలినీ క్రిములనూ లోపలికి పిలుస్తున్నట్టే. బుడగలు ఆగాయని పని అయిపోయినట్టు కాదు, బుడగలు సాక్ష్యం కాదు. రసం చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ సాక్ష్యం. ఈస్ట్ వేయకముందు రసం 1.045 దగ్గర చూపిస్తే, పులిశాక 1.010 దగ్గరికి దిగుతుంది. ఆ తేడాను 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం, ఇక్కడ 4.6. రెండు మూడు రోజుల తేడాతో కొలిచినా అంకె మారకపోతేనే సీసాలకు వెళ్లండి.

ఇక్కడ తొందరపడితే దెబ్బ తగిలేది మీ శరీరానికి. చక్కెర ఇంకా మిగిలి ఉండగా సీసాలో బిగిస్తే ఒత్తిడి పెరిగి గాజు పేలుతుంది. పులియడం పూర్తయిన నాలుగు లీటర్లకు 24 గ్రాముల పంచదార, కొద్ది నీళ్లలో మరగబెట్టి చల్లార్చి కలిపితే సరిపడా గ్యాసు పడుతుంది. పంచదార కంటితో వేయకండి, తూకం వేయండి. బీరు కోసం చేసిన మందపాటి సీసాలు గానీ, కూల్‌డ్రింకుల ప్లాస్టిక్ సీసాలు గానీ వాడండి. మొదటిసారి ఒక్క ప్లాస్టిక్ సీసా అయినా పెట్టుకోండి. రోజూ నొక్కి చూస్తే లోపల గ్యాసు ఎంత పడిందో వేలికి తెలుస్తుంది. మరో రెండు వారాలు గదిలోనే ఉంచి, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి.

పిండిన గింజలో హాప్స్ కలవలేదు కాబట్టి కోళ్లకు వేయొచ్చు, ఆరబెట్టి మర పట్టించి గోధుమపిండిలో కలిపి చపాతీలు చేసుకోవచ్చు. మరిగిన గిన్నె అడుగున మిగిలే హాప్స్ మడ్డి మాత్రం కుక్కకు అందకుండా పారేయండి, అది వాటికి విషం.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని గింజ తూకం, నీళ్లు, కలపగానే ఉన్న వేడి, గంట తర్వాత వేడి, హైడ్రోమీటర్ అంకెలు రాసుకోండి. రెండోసారి ఒక్కటే మార్చండి. రెండు మార్చితే రుచి దేనివల్ల మారిందో తెలియదు. నన్నడిగితే ఆ ఒక్కటీ చోడి కావాలి. 150 గ్రాముల బార్లీ తగ్గించి, ఆ తూకం మామూలు చోడిపిండిని లీటరు నీళ్లలో ఉడికించి, 70కి చల్లార్చి సంచిలోని గింజలో కలపండి. ఆ లీటరు కూడా ఏడు లీటర్ల లెక్కలోదే, కాబట్టి గిన్నెలో ముందుగా ఆరు లీటర్లే పోయండి.